బ్యాండ్‌లో మావాడు, టీవీలో ఎవరెవరో

2025 జూలైలో మా అమ్మ తెనాలి నుంచి మా ఊరు, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చింది. ఆగస్టులో మావాడు ఫ్రిస్కో నుంచి ఆస్టిన్ వెళ్ళిపోయాడు, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో చేరడానికి. "వీడి కోసం సముద్రాలు దాటి వస్తే వీడు మూటాముల్లే సర్దుకుని పోయాడు" అని అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

మావాడు ఆరో తరగతి నుంచి ట్రంపెట్ వాయిస్తాడు. టెక్సస్‌లో బడి బ్యాండ్ అంటే మామూలు వ్యవహారం కాదు, ఎండాకాలం సెలవుల్లో కూడా పార్కింగ్ లాట్‌లో గంటల తరబడి కవాతు చేయిస్తారు. చివరికి యూనివర్సిటీ వాళ్ళ లాంగ్‌హార్న్ బ్యాండ్‌కి ఎంపికయ్యాడు. ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌కి ముందూ, మధ్యలో విరామంలోనూ మైదానం నిండా నడుస్తూ వాయించేది వీళ్ళే. వాడు ఆ మాట చెప్పగానే అమ్మ తెనాలిలో తోడికోడలు దగ్గర్నుంచి పాలబ్బాయి దాకా అందరికీ ఫోన్లు కొట్టింది, "మనవడు టీవీలో కనిపిస్తాడు" అని. ఇక చూపించాల్సిన పూచీ నాది.

మా ఇంట్లో కేబుల్ లేదు. నెలకి 180 డాలర్లు కడుతూ చూసేది మాత్రం తెలుగు సినిమాలేనని లెక్క తేలాక రెండేళ్ళ కింద తీసేశాం. ఇంటర్నెట్, టీవీ వెనక యాప్‌లు చూపించే ఒక పాత స్ట్రీమింగ్ స్టిక్, అంతే. ఈ కాలంలో ఏ ఆటైనా ఏదో ఒక యాప్‌లో రాకపోతుందా అనుకున్నాను. వస్తుంది. ఏ వారం ఏ యాప్‌లో అన్నదే తేలదు.

మనకి అలవాటైన క్రికెట్ పద్ధతి వేరు. సిరీస్ మొత్తాన్ని ఒకరు కొంటారు, అక్కడికి వెళ్ళి చూస్తాం. ఇక్కడ కాలేజీ ఆటల హక్కులు కాన్ఫరెన్సుల చేతిలో ఉంటాయి, అంటే కలిసి ఆడుకునే కాలేజీల కూటముల చేతిలో. మావాడి యూనివర్సిటీ (ఆటల్లో అందరూ ఒట్టి టెక్సస్ అంటారు) 2024 జూలై 1న ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్సులోకి మారింది. ఆ ఏడాది నుంచే ఎస్‌ఈసీ ఫుట్‌బాల్ మొత్తం ఈఎస్‌పీఎన్, ఏబీసీ ఛానెళ్ళ చేతికి వెళ్ళింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మ్యాచ్ ఎవరి మైదానంలో జరిగితే ప్రసారం వాళ్ళ కాన్ఫరెన్సు ఒప్పందం ప్రకారం వెళ్తుంది. 2025 సీజన్ మొదటి మ్యాచ్ ఆగస్టు 30న కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ మీద. వాళ్ళది బిగ్ టెన్ కాన్ఫరెన్సు, కాబట్టి ఆ మ్యాచ్ ఫాక్స్‌లో. తర్వాతి వారం ఏబీసీ. ఆ తర్వాత ఎస్‌ఈసీ నెట్‌వర్క్. నాలుగో మ్యాచ్ అసలు ఛానెలే కాని చోట. నాలుగు వారాలు, నాలుగు గుమ్మాలు. పైగా కొన్ని మ్యాచ్‌లకి టైమూ ఛానెలూ వారం పదిరోజుల ముందు గానీ ఖాయం కావు.

ఫాక్స్‌కి డబ్బు కట్టనక్కర్లేదని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఫాక్స్, ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ నాలుగూ గాల్లో ఊరికే వస్తాయి, యాంటెన్నా ఉంటే చాలు. అట్ట ముక్కలా పల్చగా ఉండే యాంటెన్నా ఒకటి కొనుక్కొచ్చి గోడకి అంటించాను. మా డాలస్ ప్రాంతపు పెద్ద టవర్లు సీడార్ హిల్ గుట్టల మీద ఉన్నాయి, మా ఇంటికి దక్షిణాన, కాస్త నైరుతికి ఒరిగి, సుమారు 40 మైళ్ళు. నైరుతి బరువుగా ఉండాలని ఇల్లు కొన్నప్పుడు వాస్తు చూసినాయన చెబితే అక్కడ బీరువా పెట్టాం. ఆ బీరువా జరిపి యాంటెన్నా పెట్టాను. ఫాక్స్ అద్దంలా వచ్చింది. టెక్సస్ 14-7తో ఓడిపోయింది. కొలంబస్ వెళ్ళిన బృందంలో మావాడు లేడు కాబట్టి మా ఇంట్లో ఆ ఓటమిని ఎవరూ పట్టించుకోలేదు.

సెప్టెంబరు 6, శనివారం, పొద్దున 11కి శాన్ హోసే స్టేట్‌తో మ్యాచ్. ఆస్టిన్‌లో, సొంత మైదానంలో, మావాడి మొదటి ప్రదర్శన. ఏబీసీలో. అమ్మ తలస్నానం చేసి ఇస్త్రీ చీర కట్టుకుని సోఫాలో కూర్చుంది. తెనాలిలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ మా చిన్నాన్న ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను మా ఊళ్ళో ఏబీసీ వచ్చే ఛానెల్ 8 నొక్కాను. నల్ల తెర. మళ్ళీ స్కాన్ చేశాను. ఈసారి ముక్కలు ముక్కలుగా ఒక మనిషి మొహం, సగం నోరు పైన, సగం నోరు కింద. గోడకి అంటించినదాన్ని పీకి కిటికీకి, కిటికీ నుంచి పీకి కర్టెన్ రాడ్‌కి. మా ఆవిడ నిచ్చెన పట్టుకుంది. అమ్మ నింపాదిగా, "మీ నాన్న కూడా ఇంతేరా, మ్యాచ్ రోజు డాబా ఎక్కి యాంటెన్నా గొట్టం తిప్పుతూ 'వచ్చిందా' అని అరిచేవారు, నేను కింద నుంచి 'వచ్చింది, ఆపండి' అంటే ఆపేలోపు పోయేది" అంది.

సరిగ్గా విరామానికి బొమ్మ నిలబడింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో హాఫ్‌టైం 20 నిమిషాలు. మైదానంలో ఆ టైమంతా బ్యాండ్‌దే. టీవీలో మాత్రం సూట్లు వేసుకున్న నలుగురు బల్ల వెనక కూర్చుని వేరే మ్యాచ్‌ల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ట్రక్కుల ప్రకటన. తర్వాత మళ్ళీ ఆ నలుగురు.

"బ్యాండ్ ఏదిరా?" అంది అమ్మ.

నేను ఆస్టిన్‌లో మావాడికి మెసేజ్ పెట్టాను. రాత్రికి జవాబొచ్చింది: "నాన్నా, టీవీలో హాఫ్‌టైం షో చూపించరు. నీకు తెలీదా?" తెలీదు. పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, హాఫ్‌టైంలో నేనెప్పుడూ టీవీ ముందు కూర్చోలేదు, వంటింట్లోకి వెళ్ళేవాడిని.

ఛానెల్ 8 సంగతి మాత్రం వదల్లేదు. ఇక్కడి ప్రసారాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్లో మన అడ్రసు కొడితే ఏ టవర్ ఎటు ఉంది, సిగ్నల్ ఎంత బలంగా వస్తుంది అన్నీ చూపిస్తారు. అక్కడ తెలిసింది అసలు కిటుకు. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ యూహెచ్‌ఎఫ్ అనే పొట్టి తరంగాల్లో వస్తాయి. మా ఊరి ఏబీసీ స్టేషన్ డబ్ల్యూఎఫ్ఏఏ మాత్రం ఇంకా పొడుగు తరంగాల పాత వీహెచ్‌ఎఫ్ ఛానెల్ 8లోనే ఉంది. అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు మీటరున్నర దాటుతుంది, అట్ట ముక్క యాంటెన్నాకి అంత పెద్ద అల చిక్కదు. రెండు కడ్డీలు లాగే పాతకాలపు కుందేలు చెవుల యాంటెన్నా పదిహేను డాలర్లకి తెచ్చాను. ఒక్కో కడ్డీ 40 సెంటీమీటర్ల దాకా లాగి, అడ్డంగా పరిచి, నైరుతి వైపు పెట్టాను. ఏబీసీ అప్పట్నుంచి కదల్లేదు. "ఇంత చదువూ చదివి ఆఖరికి గొట్టానికే వచ్చావు" అంది అమ్మ.

తర్వాతి శనివారం యూటెప్ అనే యూనివర్సిటీతో మ్యాచ్ ఎస్‌ఈసీ నెట్‌వర్క్‌లో. ఇది గాల్లో రాదు, 2014లో మొదలైన కేబుల్ ఛానెల్. ఈఎస్‌పీఎన్ వాళ్ళదే కదా అని యాప్‌లో కనబడిన 11.99 డాలర్ల ప్లాన్ కొనేశాను. తెరిస్తే తాళం బొమ్మ. తప్పు నాదే, చదవకుండా నొక్కాను. ఆ చిన్న ప్లాన్‌లో యాప్‌కే పరిమితమైన కొన్ని మ్యాచ్‌లు వస్తాయి గానీ ఈఎస్‌పీఎన్, ఎస్‌ఈసీ నెట్‌వర్క్ లాంటి అసలు ఛానెళ్ళు రావు. అవన్నీ కావాలంటే పెద్ద ప్లాన్, నెలకి 29.99. అప్పటికి అది మొదలై నెల కూడా కాలేదు, ఆగస్టు 21న వచ్చింది. అప్పుడే అది తీసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

కానీ న్యూజెర్సీ ఎడిసన్‌లో మా బావమరిది ఉన్నాడు. "అవన్నీ ఎందుకు బావా, లైవ్ టీవీ సర్వీసు తీసుకో, అన్నీ ఒకేచోట, కేబుల్ లాగే ఉంటుంది" అన్నాడు. నెలకి 83 డాలర్లు. కేబుల్ లాగే ఉంటుందన్నది నిజమే, బిల్లుతో సహా. మొదట కొన్నాళ్ళు ఉచితం అనేసరికి నొక్కేశాను. (మా వీధిలో ఇంకొకాయన ఇంకో సలహా ఇచ్చాడు: "బాక్స్" తీసుకోమని. మనవాళ్ళ ఇళ్ళల్లో చాలాచోట్ల ఉంటుంది, ఏడాదికి ఓసారి ఎవరికో డబ్బు పంపితే ప్రపంచంలోని ఛానెళ్ళన్నీ వచ్చేస్తాయి. అది దొంగ సరుకు. ఆ సంగతి అలా ఉంచినా, వాళ్ళింట్లో చూశాను, ఆట రసపట్టులో పడ్డప్పుడల్లా గుండ్రం తిరుగుతూ ఉంటుంది.)

యూటెప్ మ్యాచ్ హాయిగా చూశాం. బ్యాండ్ మాత్రం రాలేదు.

సెప్టెంబరు 20న శామ్ హ్యూస్టన్ యూనివర్సిటీతో మ్యాచ్, రాత్రి 7కి. షెడ్యూల్లో "ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ప్లస్" అని రాసుంది. లైవ్ టీవీ సర్వీసు గైడ్ మొత్తం కింద నుంచి పైకి, పై నుంచి కిందకి వెతికాను. ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ఉంది, ప్లస్ లేదు. ఎందుకంటే ప్లస్ అనేది ఛానెల్ కాదు. ఈఎస్‌పీఎన్ యాప్‌లో మాత్రమే కనబడే ప్రసారం. ఆ యాప్ తెరిచి, మన టీవీ సర్వీసు పేరు చూపించి, దాని లాగిన్‌తో లోపలికి వెళ్ళాలి. అంటే డబ్బు ఒకరికి కట్టి, ఆ రసీదు ఇంకొకరికి చూపించి, వాళ్ళ హాల్లో కూర్చోవడం.

టీవీ మీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్‌లో కొట్టాలి. కొట్టాను. సర్వీసు పేరు ఎంచుకున్నాను. మెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చాను. మీకు సబ్‌స్క్రిప్షన్ లేదంది. మళ్ళీ చేశాను, ఈలోపు కోడ్ కాలం చెల్లింది. కొత్త కోడ్. మళ్ళీ లేదు. కాసేపు యాప్‌ని తిట్టాను, కాసేపు స్టిక్‌ని తిట్టాను, వైఫై ఆపి వేశాను. మూడోసారికి మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, అది నా మెయిల్ మీద కదా తీసుకుంది?" అంది. నా చేతిలో కార్డు లేక ఆవిడ ఫోన్‌లోంచే కొన్నాం. ఆవిడ మెయిల్ కొట్టగానే తలుపు తెరుచుకుంది. అప్పటికి మొదటి క్వార్టర్ అయిపోయింది. ఆ మ్యాచ్ టెక్సస్ 55-0తో గెలిచింది.

అయితే ఆ యాప్‌లోకి వెళ్ళడం వల్ల ఒక లాభం జరిగింది. లైవ్ టీవీ గైడ్‌లో ఎప్పుడూ కంటబడనివి అక్కడ వరసగా కనిపించాయి. సాకర్, ఈత, టెన్నిస్, వాలీబాల్. టెక్సస్ అమ్మాయిల వాలీబాల్ జట్టు 2022లో, 2023లో వరసగా దేశానికే ఛాంపియన్. వాళ్ళ మ్యాచ్‌లు గ్రెగరీ జిమ్ అనే పాత హాల్లో జరుగుతాయి, నాలుగు వేల మంది పడతారేమో. వాటికి కూడా బ్యాండ్ వెళ్తుంది, అంతా కాదు, చిన్న గుంపు. మావాడు ఫోన్‌లో మాటవరసకి అన్నాడు, "ఈ వారం వాలీబాల్‌కి నేను వాయిస్తున్నా" అని.

ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షమంది మధ్య వాడెక్కడున్నాడో దేవుడికే తెలియాలి. ఈ జిమ్‌లో అలా కాదు. హాలు చిన్నది, బంతి బయటికి పోయినప్పుడో, కోచ్ టైమ్ అవుట్ అడిగినప్పుడో కెమెరా పక్కకి తిరిగితే చాలు, బ్యాండ్ అక్కడే. రెండో సెట్‌లో కెమెరా అలా తిరిగింది, మావాడు బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. అమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. "చిక్కిపోయాడు" అంది. బుగ్గలు అంత పొంగి ఉంటే చిక్కినట్టు ఎలా తెలిసిందో ఆమెకే తెలియాలి.

ఇంకో సంగతి నేను మర్చేపోయాను. మా అమ్మ ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పాఠం చెప్పింది. మా వైపు ఏ ఊరి బడికైనా రెండు గుంజలూ ఒక వలా ఉంటాయి, సాయంత్రమైతే వాలీబాలే. ఫుట్‌బాల్‌లో ఎవరు ఎందుకు ఎవరి మీద పడుతున్నారో నేను నెల రోజులు చెప్పినా ఎక్కలేదు గానీ, వాలీబాల్ మొదటి సెట్ అయ్యేసరికి ఆమె నాకు చెప్పడం మొదలుపెట్టింది. "ఆ అమ్మాయి లిఫ్ట్ బాగా ఇస్తోంది", "బ్లాక్ ఆలస్యంగా లేచింది", "ఈ వేరే రంగు చొక్కా పిల్ల ఏమిటి, ముందుకే రాదు?" ఆ పిల్ల లిబెరో అనీ, వెనక వరసలోనే ఆడుతుందనీ నేను ఫోన్‌లో వెతికి చెప్పాను. "మా రోజుల్లో ఇది లేదు" అంది, కాస్త అనుమానంగా.

అక్కడ్నుంచి మా ఇంట్లో శనివారం ఫుట్‌బాల్‌కి విలువ తగ్గింది. అక్టోబరులో ఓక్లహోమాతో మ్యాచ్ డాలస్ కాటన్ బౌల్ స్టేడియంలోనే జరిగింది, టికెట్ల ధరలు చూసి ఇంట్లోనే కూర్చున్నాం. ప్రకటనలకి ముందు రెండు క్షణాలు బ్యాండ్‌ని చూపించారు. అందరికీ అవే ఆరెంజ్ జాకెట్లు, అవే కౌబాయ్ టోపీలు. అమ్మ "అదిగో" అంది. ఆ పిల్లాడు డ్రమ్ము వాయిస్తున్నాడు.

అక్టోబరు ఆఖరున ఒక రాత్రి మా లైవ్ టీవీ సర్వీసులోంచి ఈఎస్‌పీఎన్, ఏబీసీ, ఎస్‌ఈసీ నెట్‌వర్క్ మూకుమ్మడిగా మాయమయ్యాయి. ఛానెళ్ళవాళ్ళకీ సర్వీసువాళ్ళకీ రేటు దగ్గర బేరం కుదరలేదట. ఆ లాగిన్‌తో తెరుచుకునే ఈఎస్‌పీఎన్ యాప్ కూడా మూతపడింది, అంటే వాలీబాల్ కూడా పోయింది. మరునాడు కాక ఎల్లుండే వాండర్‌బిల్ట్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్, ఏబీసీలో. మా వీధిలో ఆ సర్వీసే ఉన్న రెండు కుటుంబాలు ఫోన్ చేశాయి, "మీ కుందేలు చెవులు పనిచేస్తున్నాయా?" అని. పులిహోర గిన్నెతో వచ్చారు. బాక్స్ ఆయన కూడా వచ్చాడు, ఎందుకని నేను అడగలేదు. టెక్సస్ 34-31తో బయటపడింది.

ఆ సాయంత్రమే 83 డాలర్ల సర్వీసు రద్దు చేసి, ఈఎస్‌పీఎన్ 29.99 ప్లాన్ నేరుగా తీసుకున్నాను. ఎస్‌ఈసీ నెట్‌వర్కూ, ప్లస్సూ, ఏబీసీలో వచ్చే ఈఎస్‌పీఎన్ మ్యాచ్‌లూ అందులోనే ఉన్నాయి. ఇంకొకరి లాగిన్ చూపించే పని లేదు. మిగతా పెద్ద ఛానెళ్ళకి యాంటెన్నా ఉండనే ఉంది. నాకు సరిపోయింది, అందరికీ సరిపోదు. ఇండియానాలో మా స్నేహితుడి కూతురు పర్‌డ్యూలో చదువుతోంది, అది బిగ్ టెన్. వాళ్ళకి ఈఎస్‌పీఎన్ కొంటే దండగ. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలు యాంటెన్నాతో పట్టుకోవాలి, కొన్ని మ్యాచ్‌లు పీకాక్ అనే యాప్‌లో మాత్రమే వస్తాయి, బిగ్ టెన్ నెట్‌వర్క్‌కి వేరే దారి చూడాలి. అందుకే నన్నెవరైనా "ఏ స్టిక్ కొనమంటారు" అని అడిగితే, పిల్లలు చదివే కాలేజీ ఏ కాన్ఫరెన్సులో ఉందని అడుగుతున్నాను. స్టిక్ ఏదైనా ఒకటే. కాకపోతే మరీ పాతదైతే యాప్ తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు, మాది అలాంటిదే, నవంబరులో మార్చాను.

యాంటెన్నా వల్ల ఇంకో సుఖం కూడా ఉంది. స్ట్రీమింగ్ అర నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వెనక నడుస్తుంది. మా పక్కింటాయన టెక్సస్ ఏ అండ్ ఎమ్ అనే వేరే యూనివర్సిటీలో చదివాడు, లాంగ్‌హార్న్స్ (అంటే మావాడి టెక్సస్ జట్టు) అంటే ఆయనకి పడదు. సీజన్ మొదట్లో మేం యాప్‌లో చూస్తుంటే గోడ అవతల నుంచి ఆయన కేక ముందు వినబడేది, ఆ తర్వాత మా టీవీలో టెక్సస్ బంతి జారవిడిచేది. నవంబరు 28న, థాంక్స్‌గివింగ్ మర్నాడు, ఆస్టిన్‌లో ఏ అండ్ ఎమ్‌తో మ్యాచ్. ఏబీసీ. ఈసారి మేం యాంటెన్నా మీద, ఆయన స్ట్రీమింగ్ మీద. 27-17. ఆ రాత్రి ముందు కేకలు మావి. పాపం ఆయన డిసెంబరులో బదులు తీర్చుకున్నాడు: వాలీబాల్ జాతీయ పోటీల్లో టెక్సస్ విస్కాన్సిన్ చేతిలో ఓడిపోయింది, ఏ అండ్ ఎమ్ కాన్సస్ సిటీ దాకా వెళ్ళి 21న కప్పు కొట్టింది. మా అమ్మ ఆ ఫైనల్ మొత్తం చూసి, ఆయన ఇంటికి వెళ్ళి అరిసెలు ఇచ్చి వచ్చింది. "వాళ్ళు బాగా ఆడారురా" అంది. నాకు మాటల్లేవు.

క్రిస్మస్‌కి మావాడు ఇంటికొచ్చాడు. వాడితో నాలుగు రోజులు గడిపి అమ్మ తెనాలి వెళ్ళిపోయింది.

జనవరిలో ఫోన్ చేసి, "ఆ యాప్ పేరేమిటి, ఇక్కడ నా ఫోన్‌లో పెట్టించుకుంటాను" అంది. అక్కడ రాదమ్మా అన్నాను, ఈ ప్రసారాలు అమెరికా దాటవు. ఇప్పుడు అమ్మాయిల బాస్కెట్‌బాల్ నడుస్తోంది, మావాడు కొన్ని మ్యాచ్‌లకి వాయిస్తున్నాడు. ఇక్కడ రాత్రి 7 అంటే తెనాలిలో పొద్దున ఆరున్నర. నేను వాట్సాప్ వీడియో కాల్ చేసి ఫోన్‌ని టీవీ ఎదురుగా పప్పు డబ్బాకి ఆనించి పెడతాను. అటు నుంచి కాఫీ గ్లాసు చప్పుడు, వెనక పాలబ్బాయి సైకిల్ గంట.

"కాస్త ఎడమకి తిప్పరా."

తిప్పాను.

"ఇంకొంచెం. ఆఁ, వచ్చింది, ఆపు."